కేంద్రప్రభుత్వాధికారము – దాని యెల్లలు

(మహాసభ రెండవనాటి యుదయమున చేసిన యుపన్యాసము)



క్రిందటి యేటి మహాసభలో జరిగిన యొక చిన్న సంగతితో మా యుపన్యాసము నారంభించుచున్నాము. మనవారిని వెనుకబడిన తరగతుల జాబితాలలో చేర్చవలయునను తీర్మానము ఏకగ్రీవముగా నెగ్గిన పిదప, వెనుకవరుసనుండి యొక విద్యార్థి లేచి, "ఈ మహజరును ప్రధానమంత్రిగారికి మాత్రమే పంపుచున్నారేల? ఇదంతయు చేయు నధికారము వారికి కలదా?" అని యడిగెను. వేదికమీది పెద్దలొకరు నవ్వుచు, "ఢిల్లీవారు తలచుకొన్నచో కానిదేమున్నది, నాయనా!" అనిరి. సభ చప్పట్లు కొట్టినది. దాచనేల, మేమును కొట్టితిమి. ఇంటికి పోయిన పిదప ఆ చప్పట్లే మాకు నిదుర పట్టనీయలేదు. ముప్పదినాలుగేండ్లు పిల్లల ప్రశ్నలకు సమాధానములు చెప్పి బ్రతికినవారము. ఒక పిల్లవాడు సరియైన ప్రశ్న వేయగా అతనిని నవ్వి కూర్చుండబెట్టిన సభలో మేమును నుంటిమి. కార్యనిర్వాహకవర్గమువారు ఈ యేడు మమ్ము మాటలాడుమని కోరినపుడు, ఆ ప్రశ్నకే బదులు చెప్పెదమని యొప్పుకొంటిమి.

మేము న్యాయవాదులము గాము. సంస్కృతము, తెలుగు చెప్పుకొన్నవారము. మా మాటలలో దోషములున్నచో ఈ సభలోని ప్లీడర్లు ఫలహారముల వేళ మమ్ము దిద్దవచ్చును. రాజ్యాంగమును మేము ఒక శాస్త్రగ్రంథమును చదివినట్లు చదివితిమి: ఇందు విధి యేది, నిషేధమేది, అపవాదమేది, కర్త యెవరు అని. అట్లు చదివిన వానికి మొట్టమొదట తోచునది యొక్కటి. సర్వాధికారి యను కర్త ఈ గ్రంథమున నెచ్చటను కానరాడు. రాష్ట్రపతి కాడు, ప్రధానమంత్రి కాడు, పార్లమెంటు కాదు, సుప్రీం కోర్టును గాదు. ఇంగ్లండుదేశపు పార్లమెంటు చేసిన శాసనమును కొట్టివేయు నధికారము అచ్చటి న్యాయస్థానములకు లేదు. మన పెద్దలు ఆ దొరల యేలుబడిలో బహుకాలము మసలినవారగుటచే, సర్కారు తలచుకొన్న కానిది లేదను మాట మన నాలుకలపై నిలిచిపోయినది. అది పాతకాలపు మాట గాని, 1950 జనవరి 26 తరువాతి మాట కాదు.

అధికారవిభజన సంగతి మొదట చెప్పెదము. 246వ అధికరణమును, ఏడవ షెడ్యూలును కలిసి శాసనములు చేయవలసిన విషయములను మూడు జాబితాలుగా పంచినవి. రాజ్యాంగము అమలులోనికి వచ్చునప్పటికి కేంద్రజాబితాలో 97, రాష్ట్రజాబితాలో 66, ఉమ్మడిజాబితాలో 47 అంశములుండెను. దేశరక్షణ, రైల్వేలు, నాణెములు కేంద్రమువి; పోలీసు, భూమి, వ్యవసాయము రాష్ట్రమువి. ఉమ్మడి విషయములలో ఇరువురి శాసనములు పొసగనపుడు సాధారణముగా కేంద్రశాసనమే నెగ్గును. ఏ జాబితాలోను లేని విషయమును కేంద్రమునకే చెందును. తక్కెడ కేంద్రమువైపు మొగ్గియున్నదని దీనినిబట్టియే తెలియుచున్నది. మేము దానిని మఱుగుపఱుపము. అయినను మొగ్గు వేఱు, మొత్తము వేఱు.

ఈ భేదము తెలియుటకు మన గ్రామములయందలి సహకారసంఘముల సంగతి చూడుడు. 2011 సంవత్సరపు తొంబదియేడవ సవరణచే పార్లమెంటు, సహకారసంఘములనుగూర్చి రాజ్యాంగమున నొక క్రొత్త భాగమును చేర్చినది. పాలకవర్గమున ఇరువదియొక్కరికి మించరాదు, పదవీకాలము అయిదేండ్లు, ఎన్నికలు సకాలమున జరుగవలయును, లెక్కలు తనిఖీ కావలయును. ఇందు చెడ్డ యేమున్నది? ఎన్నికలు లేక యేండ్లు గడపిన సంఘములను మనలో ననేకు లెఱుగుదురు. మా మట్టుకు మాకు ఆ నియమములన్నియు మంచివిగనే తోచినవి. అయినను, రాష్ట్రములలోని సహకారసంఘములకు సంబంధించినంతవఱకు ఆ భాగము చెల్లదని 2021 జూలై 20వ తేదీన సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఏలయన, సహకారసంఘములు రాష్ట్రజాబితాలో 32వ అంశమున నున్నవి. రాష్ట్రముల శాసనాధికారమును తాకు సవరణకు పార్లమెంటునందలి విశేషాధిక్యము మాత్రమే చాలదు. సగమునకు తక్కువ గాని రాష్ట్రముల శాసనసభలును ఆమోదింపవలయునని 368వ అధికరణము విధించుచున్నది. ఆ యామోదమును తీసికొనలేదు. పలు రాష్ట్రములలో వ్యాపించిన సంఘముల విషయమున మాత్రము ఆ భాగము నిలిచినది. నియమములు మంచివా చెడ్డవా యని న్యాయస్థానము విచారింపలేదని గమనింపుడు. ఎవరు చేయవచ్చును, ఏ త్రోవను చేయవలయును అన్నదియే విచారణ.

ఇక రాజ్యాంగమునే మార్చు నధికారము సంగతి. ఇచ్చట మేము కొంత తడవు నిలువక తప్పదు.

1951లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివి. ఆ రాష్ట్రప్రభుత్వము కులములవారీగా కళాశాలలలో స్థానములు పంచు ఉత్తర్వును సుప్రీం కోర్టు 1951 ఏప్రిల్ 9న చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున కొట్టివేసినది. మూడు నెలలైనను గడవకమునుపే పార్లమెంటు మొదటి సవరణ చేసి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేకసౌకర్యములు కల్పింపవచ్చునని 15వ అధికరణమున నాలుగవ ఖండమును చేర్చినది. నేడు మన తీర్మానము కాలూనుకొని నిలిచినది ఆ ఖండముమీదనే. కావున సవరించు నధికారము చెడ్డదని ఈ సభలో ఎవరును అనజాలరు. మేము అసలే అనము. ఆ యధికారమునకు కట్ట యొకటి కలదా, లేదా యన్నదే ప్రశ్న.

కలదని మొదట గట్టిగా పలికిన ప్రధానన్యాయమూర్తి మన రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన కోకా సుబ్బారావుగారు. ఆంధ్రరాష్ట్రమునకు గుంటూరున 1954లో హైకోర్టు ఏర్పడినపుడు దానికి ప్రథమ ప్రధానన్యాయమూర్తి వారే. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యమున పదునొకండుగురు న్యాయమూర్తులలో ఆఱుగురు, ప్రాథమికహక్కులను సవరణచేతనైనను పార్లమెంటు తగ్గింపజాలదని తీర్పు చెప్పిరి. ఐదుగురు కాదనిరి. ఒక్కరి యాధిక్యము! మా యభిప్రాయమున ఆ తీర్పు ఒక యడుగు మించి పోయినది. ఆస్తిహక్కు గూడ ప్రాథమికహక్కుగా నున్న ఆ దినములలో, భూసంస్కరణలకు ఇది అడ్డుగోడ యగునని పేదరైతుల పక్షమువారు భయపడిరి. ఆ భయము వట్టిది గాదు. సుబ్బారావుగారును దాని నెఱిగియే, తమ తీర్పు ఇకమీది సవరణలకే గాని జరిగిపోయినవానికి వర్తింపదని చెప్పి, అప్పటికే రైతులకు వచ్చిన భూములను కదలింపక కాపాడిరి. తెలుగువాని జాగ్రత్త యనుకొందము. పిదప వారు పదవి విడిచి, రాష్ట్రపతి పదవికి డాక్టరు జాకీర్ హుసేనుగారిపై పోటీచేసి ఓడిపోయిరి. న్యాయమూర్తి ఆ పోటీలో దిగకుండినచో ఎంత బాగుండెడిదని మాకు నేటికిని అనిపించును.

పార్లమెంటు ఊరకుండలేదు. 1971లో ఇరువదినాలుగవ సవరణచే, రాజ్యాంగమున నేభాగమునైనను మార్చు నధికారము తమకు కలదని వ్రాసికొన్నది. అపుడు కేరళలో కాసరగోడు దరి ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతీస్వామివారు మఠభూముల విషయమై వేసిన వ్యాజ్యము ఈ మహాప్రశ్నకు వాహనమైనది. పదుముగ్గురు న్యాయమూర్తులు అఱువదియెనిమిది దినములు వాదములు వినిరి. 1973 ఏప్రిల్ 24న ఏడుగురు ఒక వైపు, ఆఱుగురు ఒక వైపు. మరల ఒక్కరి యాధిక్యమే! ఆ యేడుగురిలో మన హైదరాబాదు జగన్మోహనరెడ్డిగారును ఒకరు. తీర్పు సారమిది: ప్రాథమికహక్కులతో సహా ఏ యధికరణమునైనను పార్లమెంటు సవరింపవచ్చును, కాని రాజ్యాంగముయొక్క మౌలికస్వరూపమును మాత్రము చెఱుపరాదు. స్వామివారు ఆక్షేపించిన కేరళ భూశాసనముల సవరణ నిలిచినది. భూసంస్కరణ బ్రతికినది, రాజ్యాంగమును బ్రతికినది.

"మౌలికస్వరూపమను మాట గ్రంథమున నెచ్చటను లేదు గదా, న్యాయమూర్తులు ఎచ్చటనుండి తెచ్చిరి?" అని కొందఱు విద్వాంసు లాక్షేపింతురు. ఆ మాట నిజమే. మాకు మాత్రము ఇది వ్యాకరణము చదువుకొన్న దినములనుండి పరిచితమైన న్యాయము. ఒక భాగమున మార్పు చెందిన వస్తువు వేఱొక వస్తువు గాజాలదని వైయాకరణు లొక పరిభాష చెప్పుదురు. తోక తెగిన కుక్క కుక్కయే గాని గుఱ్ఱము గాదు, గాడిద గాదు. తోక గత్తిరించుట సవరణ. అయితే ఒకడు తల, మొండెము, కాళ్లు, తోక అన్నియు తీసివేసి, వాని స్థానమున వేఱొక జంతువును నిలిపి, "ఇది ఆ కుక్కయే, నేను సవరించితిని" అన్నచో ఆ మాట నెవరు నమ్ముదురు? సవరించుట యన్న మాటలోనే, సవరింపబడు వస్తువు మిగిలియుండవలయునను నియమము ఇమిడియున్నది. దీనికి వేఱుగా నొక అధికరణము వ్రాయ నక్కఱలేదు. పార్లమెంటు రాజ్యాంగము కన్నబిడ్డ. తల్లికి వైద్యము చేయు నధికారము బిడ్డకు కలదు.

ఈ తీర్పు వెలువడిన మఱునాడే, దానిని పలికినవారిలో ముగ్గురు పెద్దలను దాటి మఱియొకరిని ప్రధానన్యాయమూర్తిగా నియమించిరి. అధికారమునకు ఎల్లలు గీచినవారికి దక్కిన బహుమానమది.

రెండేండ్లకే పరీక్ష వచ్చినది. 1975 జూన్ 25న అత్యవసరపరిస్థితి ప్రకటింపబడినది. మే మప్పుడు బడిపిల్లలము. మాకు చదువు చెప్పిన గురువుగారు ప్రతిదినము వార్తాపత్రికను తరగతిలో చదివి వినిపించెడివారు. ఆ వేసవి తరువాత పత్రికను మడిచి చంకను పెట్టుకొని వచ్చి, విప్పక తిరిగి తీసికొనిపోయెడివారు. ఏలయని అడుగుటకు మాకు ధైర్యము లేకుండెను. ఆ యాగస్టులో చేసిన ముప్పదితొమ్మిదవ సవరణ, ప్రధానమంత్రి యెన్నికను న్యాయస్థానములు విచారింపరాదన్నది. నవంబరు 7న సుప్రీం కోర్టు ఆ ఖండమును కొట్టివేసినది. ఇది న్యాయస్థానమునకు కీర్తి. అదే న్యాయస్థానము 1976 ఏప్రిల్ 28న, అకారణముగా నిర్బంధింపబడినవాడు అత్యవసరకాలమున కోర్టు తలుపు తట్టుటకు వీలులేదని చెప్పినది. ఇది దానికి మచ్చ. ఐదుగురిలో హెచ్.ఆర్. ఖన్నాగారొక్కరే కాదనిరి, ప్రధానన్యాయమూర్తి పదవి వారికి దక్కలేదు. ఆ మచ్చను తుడుచుటకు 2017 దాక పట్టినది. సవరణాధికారమునకు ఎట్టి పరిమితియు లేదని 1976లో నలువదిరెండవ సవరణచే వ్రాసిన ఖండములను మినర్వా మిల్లు వ్యాజ్యమున 1980లో కొట్టివేసిరి. కాని నిజముగా అత్యవసరమును ముగించినది 1977లో వోటు వేసిన జనులు. ఎల్లను కాగితముపై గీచినవారు వేఱు, కాచినవారు వేఱు.

ఇపుడు 356వ అధికరణము, అనగా రాష్ట్రపతిపాలన. రాష్ట్రమున రాజ్యాంగానుసారముగా పాలన సాగజాలదని రాష్ట్రపతి తలచినచో రాష్ట్రప్రభుత్వము నెత్తివేయవచ్చునని దాని తాత్పర్యము. ఈ యధికరణము వాడబడక మూలపడి యుండగలదని అంబేద్కరుగారు రాజ్యాంగసభలో ఆశపడిరి. అది నూఱు పర్యాయములకు పైగా వాడబడినది. కొన్నిమారులు తగిన కారణము కలదు. 1954లో ప్రకాశముపంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధవిషయమున ఒక్క వోటుతో ఓడిపోయి, వేఱొక ప్రభుత్వ మేర్పడనపుడు, ఆంధ్రరాష్ట్రమున రాష్ట్రపతిపాలన రాక తప్పలేదు. కాని 1977లో ఢిల్లీలో పార్టీ మాఱినదని తొమ్మిది రాష్ట్రముల ప్రభుత్వములను తొలగించిరి. 1980లో మరల మాఱినదని తొమ్మిదింటిని తొలగించిరి. ఈ విషయమున ఇరుపక్షములవారును సమానులే.

1984 సంగతి మీలో అనేకులకు జ్ఞాపకముండును. అది 356 గాదు, గవర్నరుగారి విచక్షణ. మేము నూతనముగా పండితపరీక్ష యిచ్చినవారము. ఆగస్టు 16న నందమూరి తారకరామారావుగారి మంత్రివర్గమును గవర్నరు రామలాల్‌గారు బర్తరఫు చేసిరి. ఆధిక్యము ఎవరిదో శాసనసభలో లెక్కింపక, రాజభవనమున లెక్కించిరి. ఒక నెల యెంత యలజడి! రైళ్లలో, టీకొట్లలో, పెండ్లిపందిళ్లలో ఇదే మాట. రాజకీయములు పట్టని మా తల్లిగారు గూడ, "లెక్కపెట్టుటకు అంత పెద్ద భవనము కట్టుకొని, మఱియొకచోట లెక్కపెట్టుటయేమి?" అనిరి. సెప్టెంబరు 16న రామారావుగారు తిరిగి ప్రమాణస్వీకారము చేసిరి. ఆనాడు ఆ పని చేసినది కోర్టు గాదు, వీధి.

మా తల్లిగారు పలికిన మాటనే పదేండ్లకు తొమ్మండుగురు న్యాయమూర్తులు పలికిరి. కర్ణాటక ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైగారి ప్రభుత్వమును 1989 ఏప్రిలులో తొలగింపగా, 1994 మార్చి 11న వచ్చిన తీర్పులో, ఆధిక్యము సభలోనే తేలవలయును, గవర్నరు మనస్సులో గాదని స్థిరపడినది. రాష్ట్రపతి ప్రకటనకు ఆధారములేవో న్యాయస్థానము విచారింపవచ్చును. పార్లమెంటు ఉభయసభలు ఆమోదించువఱకు శాసనసభను రద్దుచేయరాదు. ప్రకటన చెల్లనిచో తొలగిన ప్రభుత్వమును తిరిగి నిలుపవచ్చును. ఆ తీర్పులోని ముఖ్యభాగమును వ్రాసినవారిలో మన బి.పి. జీవన్‌రెడ్డిగారొకరు. బొమ్మైగారికి దానివలన ఫలము దక్కలేదు. అప్పటికి ఆ సభ కాలము తీరిపోయినది. ఫలము పిదపవారికి దక్కినది. 2016 మే నెలలో ఉత్తరాఖండమున సుప్రీం కోర్టు పర్యవేక్షణలో సభలోనే వోట్లు లెక్కించిరి. తొలగింపబడిన ముఖ్యమంత్రి తిరిగి వచ్చెను. అదే యేడు జూలైలో అరుణాచలప్రదేశమునందును పాత ప్రభుత్వము పునఃస్థాపితమైనది.

ఎల్ల లేనిచోటును గూడ చెప్పకున్న మేము మోసము చేసినవారమగుదుము. మూడవ అధికరణము ప్రకారము పార్లమెంటు ఒక రాష్ట్రమును విభజింపవచ్చును, కలుపవచ్చును, పేరు మార్చవచ్చును. ఆ రాష్ట్ర శాసనసభ యభిప్రాయమును అడుగవలయును. ఆ యభిప్రాయమునకు కట్టుబడ నక్కఱలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజనబిల్లును త్రోసిపుచ్చినది; ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించినది; జూన్ 2న తెలంగాణ రాష్ట్రమవతరించినది. ఈ పందిట ఉభయరాష్ట్రములవారును ఒకే పంక్తిని భోజనము చేయుచున్నారు. కావున ఏది న్యాయమో మేము చెప్పబోము. అభిప్రాయమడుగుట వేఱు, అంగీకారమడుగుట వేఱు అని మాత్రము గుర్తుంచుకొనుడు. ఢిల్లీవారు తలచుకొన్నచో అయిన పని యిది. ఇట్టివి కొన్ని కలవు. అన్నియు నట్టివే యనుకొనుట తప్పు.

ఆ విద్యార్థి ప్రశ్నకు వచ్చితిమి. మనము కోరు జాబితా ఒకటి గాదు, రెండు. కేంద్రోద్యోగములకు, కేంద్రవిద్యాలయములకు వర్తించునది కేంద్రజాబితా. రాష్ట్రోద్యోగములకు, రాష్ట్రకళాశాలలకు వర్తించునది రాష్ట్రజాబితా. 2018లో నూటరెండవ సవరణ వచ్చినది. దానివలన రాష్ట్రములకు తమ జాబితాను గుర్తించు నధికారము పోయినదని 2021 మే 5న సుప్రీం కోర్టు మహారాష్ట్ర వ్యాజ్యమున అర్థము చెప్పినది. ఆ మూడు నెలలు, జాబితాలో నొక పేరు చేర్చుటకు దేశమంతయు ఢిల్లీవైపే చూడవలసివచ్చినది. అదే యేడు ఆగస్టులో నూటయైదవ సవరణచే పార్లమెంటు ఆ యధికారమును రాష్ట్రములకు తిరిగి యిచ్చినది. కావున నేటి స్థితి యిది: రాష్ట్రజాబితాకు ప్రధానమంత్రిగారు కర్త గారు, మన రాష్ట్రప్రభుత్వమే కర్త. కేంద్రజాబితాలో చేర్చుటకును ప్రధానమంత్రిగారి యొక్క సంతకము చాలదు. పార్లమెంటు శాసనము చేయవలయును. అడిగినవాని ప్రశ్న సరియైనది. మా చప్పట్లు తప్పు.

ప్రభుత్వము మనసుపడి యిచ్చినను నిలువని సందర్భమును కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తయారుచేసిన వెనుకబడిన తరగతుల జాబితాను 1968లో సుప్రీం కోర్టు చెల్లదన్నది. వెనుకబాటుకు తగిన ఆధారములను ప్రభుత్వము కోర్టుముందుంచలేదు. ఆ మీదట ఒక కమీషను ఊరూర తిరిగి విచారించి 1970లో నివేదిక యిచ్చినది. దానిపై నేర్పడిన జాబితా 1972లో సుప్రీం కోర్టున నిలిచినది. ఇచ్చు చేయి అదియే, పుచ్చుకొను చేతులును ఇంచుమించుగా అవియే. మొదటిసారి కాగితము లేదు, రెండవసారి కలదు.

మన తీర్మానమున మన పూర్వుల ప్రతాపము మూడు పుటలు కలదు. మన పిల్లలు ఏ తరగతిలో బడి మానుచున్నారో ఒక్క పంక్తి లేదు. విషయనిర్ణాయకసంఘమువారిని మేము కోరునది: నేటి సాయంకాలపు సమావేశమున ఆ తీర్మానమును రెండుగా విడదీసి, ఒకటి మన రాష్ట్రప్రభుత్వమునకును, ఒకటి జాతీయ వెనుకబడిన తరగతుల కమీషనునకును పంపునట్లు మార్చుడు. మండలమునకొక పట్టిక సిద్ధము చేయింపుడు: ఇండ్లెన్ని, భూమి యెంత, బడి మానినవారెందఱు, ఉద్యోగము కలవారెందఱు. క్రిందటి యేడు లేచి యడిగిన ఆ చిరంజీవి ఈ సభలో ఉన్నచో మొదటి మండలము అతని కప్పగింపుడు. వానితోపాటు ఇల్లిల్లు తిరిగి వ్రాసికొనుటకు మేమును వత్తుము. మా దస్తూరి ఇంకను చదువ వీలుగనే యున్నది.